ముత్యాలయ్య గుండెకు చీటీ

ఆదివారం ఉదయం ఆరు గంటలకు మంచం ఎత్తితే తొమ్మిదికల్లా సూళ్లూరుపేట చేరవచ్చునని పడవ సొసైటీ కార్యదర్శి సంజీవరావు గారు నిర్ణయించారు. మద్రాసు నుండి నెలకొకసారి వచ్చే డాక్టరు యెహోషువ గారు పదకొండు గంటల రైలుకు తిరిగి వెళ్లిపోతారు.

పులికాటు సరస్సులో ముప్పై ఏళ్లుగా పడవకు గడ వేస్తున్న ముత్యాలయ్య, వారం క్రితం, ఎడమ రొమ్ము నొప్పిగా ఉందని ఒక్క మాట అన్నాడు. గుండె బాగున్నట్టు డాక్టరు చీటీ తేకపోతే సోమవారం నుండి గడను తన బావమరిది చెంచురామయ్యకు అప్పగిస్తామని సంజీవరావు గారు వెంటనే నోటీసు అంటించారు. చెంచురామయ్య అంతవరకు ఎత్తిన బరువులలో పేకముక్కలే పెద్దవి.

గుండె జబ్బుకు కదలకపోవడమే మందని ఆ రోజుల్లో వైద్యులు సైతం నమ్మేవారు. అందుచేత రోగిని మంచం మీదే మోసుకెళ్లాలని, అతను ఒక్క అడుగు వేసినా చీటీ చెల్లదని కార్యదర్శి నియమం పెట్టారు. ఇతరులను నమ్మలేక, మంచం ముందు కాళ్లు, అంటే కోళ్లు, ఆయన, బావమరిది పట్టుకున్నారు. వెనక కోళ్లు ముత్యాలయ్య భార్య అంకాలమ్మకు, ఆమె చెల్లెలు మస్తానమ్మకు దక్కాయి. వారిద్దరూ రోజూ అదే దారిన చేపల గంపలు మోసేవారే గనుక, వారి గుండెల సంగతి ఎవరూ అడగలేదు.

"నాకేం కాలా సార్. నడిచొస్తా," అన్నాడు ముత్యాలయ్య.

"పడుకో! మాట్లాడినా గుండెకు శ్రమే."

"కదలబాకయ్యా," అంది అంకాలమ్మ. "పెళ్లప్పుడు గూడా నిన్నెవురూ మొయ్యలా. ఈ పొద్దన్నా మోయించుకో."

మైలు దాటేసరికి ఇసుక దారి మొదలైంది. చెంచురామయ్య కళ్లు తేలేశాడు. "బావా, రొమ్ములో గుర్రాలు పరిగెత్తతా ఉండాయి!" అని కూలబడ్డాడు.

కార్యదర్శి ఇద్దరు రోగులను, ఒక్క మంచాన్ని మార్చి మార్చి చూశారు. "ముత్యాలయ్యా, కాసేపు దిగు. వీడి ప్రాణం పోయేటట్టుంది."

"దిగితే చీటీ చెల్లదంటిరే?"

"నేను చెబుతున్నాగా, దిగు!"

ముత్యాలయ్య దిగి, చెంచురామయ్యను పడుకోబెట్టి, అతని కోడు తాను ఎత్తుకున్నాడు. మరో అర మైలుకు కార్యదర్శి చొక్కా తడిసింది, మాట పడిపోయింది. ఆయన మంచం మీద చెంచురామయ్య కాళ్ల దగ్గరి ఖాళీని వేలితో చూపి, అనుమతి కోసం ఆగకుండా కూర్చున్నారు. ముత్యాలయ్య తలపాగా చుట్టి, ముందు పట్టెను ఒంటరిగా భుజానికెత్తాడు.

మంచం మీది మూలుగులు విని మస్తానమ్మ అంది: "గంపలో చేపలే మేలక్కా. నోరు మూసుకోనన్నా ఉంటాయి."

సూళ్లూరుపేటలో డాక్టరు గారు మంచం చూడగానే, ఏమీ అడగకుండా, దాని మీద ఉన్న ఇద్దరినీ పరీక్షించారు. "ఇంత ఆయాసంతో ఉన్నవాళ్లను ఇంత దూరం మోసుకొచ్చిందెవరు?"

"నేనే సార్," అన్నాడు ముత్యాలయ్య. "రోగిని."

డాక్టరు గారు అతని రొమ్ము చాలాసేపు విన్నారు. తర్వాత అతను చేసే పని అడిగి తెలుసుకుని, తన గొడుగు అందించి, పడవ ఎలా నెడతావో చూపమన్నారు. ముత్యాలయ్య గొడుగు కొనను ఎడమ రొమ్ముకు ఆనించి ముందుకు వంగాడు, వంగి, "అబ్బా!" అన్నాడు.

"గడ ఆనే చోట కండ కమిలింది, అంతే. కండ పనిచేసినప్పుడల్లా గుండె దానికి రక్తం తోడాలి. ఇన్నేళ్లుగా తోడి తోడి నీ గుండె గట్టిపడింది. నీ చేత గడ మానిపించడమే తప్పు." ఆయన చీటీ రాసి, మంచం వైపు తిరిగారు. "మీరిద్దరూ ఈరోజు నడవకండి. రేపటి నుండి రోజూ కొంచెం కొంచెంగా ఒళ్లు వంచడం నేర్చుకోండి."

"పోదాం పద, ముత్యాలయ్యా," అన్నారు సంజీవరావు గారు, పడుకునే.

"గడ నాదేనని ఈ చీటీ కింద సంతకం పెట్టండి సార్."

"ఊరికెళ్లాక పెడతాను."

"అట్టనా?" అంది అంకాలమ్మ. "అయితే మంచం గూడా ఊరికి పొయినాకే ఎత్తుతాం."

డాక్టరు గారు తమ కలం అందించారు. సిరా ఆరేదాకా మంచం నేల మీదనే ఉంది.