జొన్నల కొలతకు పాట

ఆ బుధవారం పార్థసారథి వేసుకున్న పథకం చాలా సులువు. పొద్దున్నే లింగంపల్లిలో రైలెక్కడం, పదకొండింటికి స్టూడియోలో పల్లెపాటల రుక్కమ్మ చేత పాడించడం, తను హార్మోనియం వాయించడం, చీకటి పడేలోగా ఇల్లు చేరడం. ఫ్యాక్టరీలో గుమాస్తాగిరీ చేసుకుంటూ నల్లగండ్ల ఊరి పాటల వెంట మూడేళ్లు తిరిగితే, ఇన్నాళ్లకు రుక్కమ్మతో కట్టిన బృందానికి తొలి గ్రామఫోను రికార్డు యోగం పట్టింది. దాని మీద హార్మోనియం పక్కన తన పేరు చూసుకోవాలని ఆయన ప్రాణం కొట్టుకుపోతోంది. ఆఫీసులో అందరికీ ముందే చెప్పేసుకున్నాడు కూడా, పిచ్చి మారాజు!

స్టూడియో వాళ్లు ఇచ్చింది ఒక్క గంట. రుక్కమ్మ మైకు ముందు నిలబడి చేతులు వేలాడేసింది.

"చేతికి పని లేకుంటే నోట్లె పాటెట్లొస్తది సారూ? ఇసుర్రాయి కావాలె."

డప్పు వాయించే నర్సింహ పరుగెత్తి, పక్క సందులో ఎవరింట్లోదో విసుర్రాయి మోసుకొచ్చాడు.

"ఉత్త రాయి తిప్పుతరా? ఇంటికి అరిష్టం!" అంది రుక్కమ్మ.

నర్సింహ మళ్లీ పరుగెత్తి సంచెడు జొన్నలు తెచ్చాడు. పాట మొదలైంది. మొదలైంది గాని, ఆగదే! రికార్డింగు చేసే లింగమూర్తి అద్దం వెనక నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

"అమ్మా, రికార్డు మీద మూడున్నర నిమిషాలే పడతది. ఇగ ఆపు!"

"రాయిల గింజలుండంగ పాటెట్ల ఆపుత? మా అత్త గట్ల నేర్పలే."

ఈసారి పిడికెడే పోశారు. పాటలో కోడలు గడప దాటకముందే గింజలు అయిపోయాయి. మూడోసారి నర్సింహ ధారాళంగా పోశాడు. కోడలు పుట్టింటికి వెళ్లి తిరిగొచ్చినా పాట ముగియలేదు. ఇంతలో గోరుచుట్టు మీద రోకటిపోటులా పిండంతా హార్మోనియంలో దూరింది. పార్థసారథి తిత్తి నొక్కితే స్వరానికి బదులు తెల్లటి పొగ లేచింది. అందరూ తుమ్మారు.

ఇచ్చిన గంటలో ఇంకా పది నిమిషాలే ఉన్నాయి.

"సార్, జర ఆ పెట్టె పక్కన పెట్టుండ్రి," అన్నాడు లింగమూర్తి. "గడియారం చూసుకుంట కొన్ని కొన్ని గింజలు పోసేటోళ్లు కావాలె."

"నాకు డప్పున్నది," అన్నాడు నర్సింహ వెంటనే.

పార్థసారథికి ఏడుపొచ్చినంత పనైంది. కానీ రుక్కమ్మ ఆశగా ఆయనకేసే చూస్తోంది. ఈ పూట దాటితే ఆమె గొంతు మళ్లీ ఎవరు వింటారు? చొక్కా చేతులు మడిచి రాయి పక్కన బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు.

కుడిచేత్తో గింజలు, కళ్లు గడియారం మీద. రాయి గుర్రుమంటోంది, దాని మీద పాట సాగుతోంది. హార్మోనియం మోతలో మూడేళ్లుగా ఆ గొంతు తనకు సరిగ్గా వినపడనే లేదని అప్పుడు తెలిసి, ఆయనకు సిగ్గూ సంతోషమూ ఒక్కసారే కలిగాయి. మూడు నిమిషాలకు పోయడం ఆపేశాడు. మూడున్నరకు చివరి గింజా, చివరి మాటా కలిసి నలిగాయి.

"ఓకే!" అని అరిచాడు లింగమూర్తి.

రికార్డు వచ్చింది. హోటళ్లలో మళ్లీ మళ్లీ వేయించుకున్నారు. ఆ రాయి చప్పుడు వింటే అమ్మ గుర్తొస్తోందని కళ్లు తుడుచుకున్నవాళ్లున్నారు. ఆఫీసువాళ్లు మాత్రం హార్మోనియం కోసం రెండు వైపులా వెతికారు. చివరికి అట్ట తిప్పి చూస్తే "గానం: రుక్కమ్మ. డప్పు: నర్సింహ. జొన్నలు: పార్థసారథి" అని ఉంది.

రెండో రికార్డుకు పిలుస్తూ కంపెనీవాళ్లు రాసిన ఉత్తరం మాత్రం ఎంతో మర్యాదగా మొదలైంది: "జొన్నల విద్వాంసులు శ్రీ పార్థసారథి గారికి."