నాలుగు వందల పింగ్

ఆన్‌లైన్ ఆటల్లో వెనకబడ్డ యువతను ఆదుకునేందుకు ఊరి ఇంటర్నెట్ పింగ్‌ను నలభై నుంచి నాలుగు వందలకు పెంచుతున్నట్టు కమ్యూనికేషన్ల మంత్రిగారు ప్రకటించారు. నా గేమింగ్ సెంటర్లోనే ప్రకటించారు. కుర్చీలు నావే కాబట్టి ముందు వరుసలో కూర్చుని నేనూ చప్పట్లు కొట్టాను.

మా అమ్మాయి కొట్టలేదు.

"నాన్నా, పింగ్ అంటే ఆలస్యం. నేను బటన్ నొక్కిన సంగతి సర్వర్‌కి వెళ్లి రావడానికి పట్టే టైము. అది పెరిగితే నేను కాల్చేలోపు నన్నే కాల్చేస్తారు. నీకు తెలీదా?"

"తెలుసు. నా లైసెన్సు ఎవరి టేబుల్ మీద ఉందో కూడా తెలుసు."

దాని బెంగ దానిది. ఆదివారం ఫైనల్. గెలిస్తే జాతీయ జట్టులో చోటు. ఎదుటి ఆటగాడు మంత్రిగారి అబ్బాయి. అతన్ని ఇదివరకు ఆడినప్పుడల్లా ఓడించింది.

వేదిక మీదున్న మంత్రిగారి శాఖ ఇంజనీరుగారు సాహసించారు. "సార్, పింగ్ ఎంత తగ్గితే అంత..."

"తగ్గడమా? మా హయాంలో తగ్గేదంటూ ఏదీ ఉండదయ్యా."

మంత్రిగారి సెక్రటరీగారు ఇంజనీరు కాలు తొక్కారు.

"...అంత నష్టం సార్" అని ఇంజనీరుగారు వాక్యం పూర్తి చేశారు.

మెట్ల దగ్గర ఆయన్ని పట్టుకుని అడిగాను. "పదింతలు ఎలా పెంచుతారండీ?"

"కష్టమేముంది? ఇన్నాళ్లూ సిగ్నల్ నేరుగా వెళ్లిపోతోంది. ఇకమీదట దాన్ని కూడా ఫైల్లాగే అన్ని ఆఫీసులూ తిప్పుతాం."

అన్నంత పనీ చేశారు. మా సెంటర్లో కుర్రాళ్లు ఆటలో తాము చచ్చిన సంగతి తెలియక ఇంకా పరిగెడుతూనే ఉన్నారు. ఒకడు గెలిచానని అందరికీ టీ చెప్పాడు. టీ వచ్చేసరికి ఓడిపోయి ఉన్నాడు. ఆట సాగితే నాకు గంటల అద్దె పెరుగుతుంది. అభివృద్ధిని కాదనడానికి నేనెవర్ని?

శనివారం సెక్రటరీగారు ఫోన్ చేశారు.

"రెండు కట్టల వైరు కావాలి. మంత్రిగారింటి నుంచి సర్వర్ దాకా నేరుగా లాగాలి."

"పింగ్ నాలుగుకి పడిపోతుందండీ."

"పడనివ్వండి. పాపం, బాబు ఎలాగో సర్దుకుంటాడు. అన్నట్టు, మీ లైసెన్సు సంగతి నేను చూస్తాలెండి."

మంచి సరుకే ఏరి పంపాను.

ఆదివారం ఎవరింటి నుంచి వాళ్లు ఆడారు. మా అమ్మాయి గురి చూసి నొక్కింది. ఆ కబురు అన్ని ఆఫీసులూ తిరిగి సర్వర్‌కి చేరేలోపు మంత్రిగారబ్బాయి మా పిల్లని కాల్చేసి, కప్పు అందుకుని, ఫొటో దిగాడు.

మర్నాడు పేపర్లో మొదటి పేజీ వార్త: "ఊరందరికీ నాలుగు వందల పింగ్ ఇచ్చి, తన ఇంటికి నాలుగే ఉంచుకున్న త్యాగమూర్తి. అంత తక్కువ పింగ్‌తోనూ నెగ్గిన కుమారుడు."

మా అమ్మాయి పేపరు నా ముందు పెట్టింది.

"నీ వైరు గురించి రాయలేదేంటి నాన్నా?"

నేను జవాబు వెతుక్కునేలోపే నా లైసెన్సు వచ్చింది. ఏ ఆఫీసూ తిరగకుండా, నేరుగా.