సుశీలమ్మ రెండు రూపాయల సంగ్రామము

క్రీస్తుశకము రెండువేల మూడవ వత్సరమున, బండలు పగుల నెండలు కాయు వైశాఖమున, మగ్గముల టకటకారావమే మంగళవాద్యముగా మేల్కొను ధర్మవరపురమున, జాకెట్లు కుట్టి సంసారమును మోయు సూచీధారిణి, సమస్తానర్థపూర్వదర్శిని, సుశీలమ్మ యను వీరమాత కలదు. బల్లి పలికిన కప్పు కూలుననియు, పోస్టుమాను గుమ్మము త్రొక్కిన చావుకబురే యనియు నిశ్చయించుకొను ఆ సాధ్వి, కూతురు మంజుల కాలేజీ ఫీజునకై వడ్డీ ముందే కోసికొన్న ఐదువేల అప్పు తెచ్చి, దినమునకు యాభై చొప్పున నూరు దినములు కట్టెదనని ఫైనాన్సువారికి మాట యిచ్చెను.

కట్టిన నాడెల్ల పొయ్యిప్రక్క గోడపై ఒక బొగ్గుగీత. అదియే ఆమె ఖజానా, అదియే ఆమె శాసనము. అహో విధివైపరీత్యము! ఉగాది వచ్చెనని ఆ గోడకే స్వహస్తములతో సున్నము కొట్టుకొనెను!

నాటినుండి లెక్క యంతయు వసూలువీరుడు జయరాముని నాలుకపై నివసించెను.

"ఇంకా ముప్పై దినాలుండాయి సుశీలక్కా. నా పెట్రోలుకు రెండు రూపాయలు మర్సిపోవాకు. ఒక్క దినం తప్పితే మిషన్ ఎత్తకపోతా."

ఆ మిషను పోయిన పొయ్యి వెలుగదు, మంజుల చదువు సాగదు.

"పెనుకొండ కోర్టుకాడ ఊరికే సలహా చెప్తారంటమ్మా, పోదాం రా" అనెను మంజుల.

"ఊరికే ఎవురిస్తారే? ఎలక్కి ఊరికే పెట్టేది బోనులో వడ ఒగటే! వేలిముద్ర ఏయించుకోని ఇల్లు రాయించుకుంటారు!"

అయినను మిషనుపై మమకారము భయమును జయించెను. దక్షిణగా సమర్పింప అరకిలో శెనక్కాయలును, తన్ను జైలులో వేసినచో అక్కరకు వచ్చునని ఒక మారుచీరయు సంచిలో నిడుకొని, క్రిక్కిరిసిన బస్సను రథమున ఒంటికాలిపై నిలిచి, ఆ ధీరురాలు పెనుకొండ చేరెను.

అచట సలహాకేంద్రపు బల్లవెనుక గ్రేస్ అను వకీలు ఆసీనురాలై, కథ యంతయు ఆలకించి, కలము క్రింద పెట్టెను.

"పెట్రోలుకు అంటివి. ఆయప్ప దేంట్లో వస్తాడమ్మా?"

"సైకిల్లో మేడం."

"సైకిలు పెట్రోలు తాగుతాదా?"

ఇన్ని దినములును రెండేసి రూపాయలు సమర్పించిన ఆ వీరమాతకు ఈ ప్రశ్న ఒక్కనాడును తట్టలేదు!

"నువ్వు కట్టినప్పుడల్లా ఆయప్ప తన ఫైనాన్సు కార్డులో రాయాల. కార్డు సూపిస్తేనే దుడ్లు అను. అంతే."

"నీ ఫీజెంత తల్లీ? పోనీ, శెనక్కాయలన్నా..."

"ఏమీ తీసుకోగూడదమ్మా."

ఏమియు పుచ్చుకొనలేదన్న ఇది యెంతటి ఘోరమోసమో యని సుశీలమ్మ దారిపొడుగునా వణకెను.

మరునాడు ప్రాతఃకాలమున జయరాముని సైకిలుగంట యుద్ధభేరియై మ్రోగెను. చీపురే గదగా, గడపయే కోటగా నిలిచి, సుశీలమ్మ సింహగర్జన మొనర్చెను:

"ఏమబ్బా జయరామూ! నీ సైకిలుకు ట్యాంకు యాడుండాదో సూపియ్యి! సూపిస్తే రెండు గాదు, ఇరవై పోస్తా! కార్డు తియ్యకుంటే యాభై గూడా లేదు, పో!"

కుళాయికడ బిందెలు నిలిచెను. ఒక అవ్వ కిసుక్కున నవ్వెను. "నా ఇంట్లో గూడా పెట్రోలు తాగిపాయ గదరా నీ సైకిలు!"

"ఎవురక్కా నీకు నేర్పిచ్చింది?" అనెను జయరాముడు.

"కోర్టు!"

ఆ రెండక్షరములకే శత్రువు శిరస్సు వంచి, జేబులోనుండి చెమటకు తడిసిన కార్డు తీసెను. యజమానికి చూపవలసినది గనుక అది మాత్రము అబద్ధమాడ నేర్వలేదు. మంజుల చదివెను. కట్టినవి తొంబదియారు. మిగిలినవి నాలుగు!

జయరాముడు యాభై మాత్రము పుచ్చుకొని, కార్డున వ్రాసి, పెట్రోలక్కరలేని వాహనమెక్కి పలాయితుడయ్యెను.

మిషను నిలిచెను, ఇరువదియారు దినముల ఋణము మాయమయ్యెను. కాని వీరమాత ఆ గెలుపును నమ్మలేదు. రేపేమగునో దేవుడెరుగును! చేతనున్నది పెట్రోలుకు పోక మిగిలిన రెండు రూపాయల బిళ్ల. దానిని కొంగున ముడివేసి, ముడిపై ముడివేసి, వీధి తలుపు గడియ పెట్టి పలికెను:

"మంజులా, ఎవురికీ చెప్పాకు. దొంగలు పడతారు."