ఎర్ర సాక్సు, నీలం సాక్సు

నిప్పు కనిపెట్టినవాడికి ఒక దండం. చక్రం కనిపెట్టినవాడికి ఇంకో దండం. మ్యూట్ బటన్ కనిపెట్టినవాడు ఎదురైతే మాత్రం నేను నడిరోడ్డు మీద సాష్టాంగపడతాను! నిప్పు లేకపోతే వణుకుతాం, చక్రం లేకపోతే నడుస్తాం, అంతే కదా. మ్యూట్ లేకపోతే ఇద్దరు ఆడపిల్లల తండ్రి చలికాలం సెలవుల్లో ఉద్యోగం చేసేదెలాగ? ఉద్యోగం చేస్తూ లీవులో ఉండేదెలాగ?

"ఉద్యోగం చేస్తూ లీవులో ఉండటమేమిటండీ?" అని మీరు అడుగుతారు. అలా అడిగారంటే మీరు వెనకబడిపోయారన్నమాట. వెనకటికి ఉద్యోగం ఉద్యోగమే, లీవు లీవే. ఇప్పుడు రెండూ ఒకేసారి దొరుకుతున్నాయి. ఇంత సుఖం మన తాతలెరుగుదురా?

ముందు నా సంగతి చెప్పుకోవాలి. నేను వాషింగ్ మెషీన్ల కంపెనీలో ఫిర్యాదుల విభాగానికి పెద్దని. ఎదుటివాళ్ళ గోడు వినడమే నా వృత్తి. విసుక్కోకుండా, మధ్యలో అడ్డుపడకుండా, "మీ బాధ నాకర్థమైందండీ" అంటూ చివరిదాకా వింటానని నాకు పేరు. ఉత్తమ శ్రోత అని కంపెనీవాళ్ళు ఇచ్చిన షీల్డు కూడా మా హాల్లో టీవీ పక్కనే ఉంది.

చలికాలం మాకు మంచి సీజను. ఏడాదంతా అటక మీద ముక్కిన రజాయిల్ని జనం ఒక్కసారిగా దించి మెషీన్లో కుక్కుతారు. మెషీను నాలుగు తిప్పులు తిప్పి, మూలిగి, కూలబడుతుంది. వెంటనే మాకు ఫోన్ చేసి తిడతారు. సరిగ్గా అప్పుడే స్కూళ్ళకి సెలవులిస్తారు. మా ఆవిడ పళ్ళ డాక్టరు. చలికి పళ్ళు జివ్వుమని జనం ఆవిడ దగ్గరికీ పరుగెడతారు కాబట్టి ఆవిడకి ఊపిరాడదు. అందుకని ఈసారి లీవు నేను పెట్టాను.

మా మేనేజరుగారు ఎంత పెద్ద మనసున్నవారో చెప్పలేను. "హాయిగా పిల్లలతో గడపండి. ఎప్పుడైనా చిన్న కాల్ ఉంటే లింకు పంపిస్తాం, అంతే" అని చిరునవ్వుతో లీవు మంజూరు చేశారు.

ఇక పిల్లలు. పెద్దదానికి తొమ్మిదేళ్ళు. అన్నిటికీ పాయింటు లాగుతుంది కాబట్టి ఇంట్లో లాయరంటాం. చిన్నదానికి ఆరు నిండాయి. దాన్ని పిడుగంటాం, ఎందుకో వివరించక్కర్లేదు.

లీవు మొదటి రోజు పొద్దున్నే కింద పార్కింగులో చతికిలబడి, పానా పట్టుకుని, పిడుగు సైకిలుకున్న పక్క చక్రాలు రెండూ ఊడదీశాను. తన ఈడు పిల్లలంతా రెండు చక్రాల మీదే తిరుగుతున్నారని, తనదొక్కటే చిన్నపిల్లల బండిలా ఉందని దాని ఏడుపు. "స్కూలు తెరిచేలోపు నువ్వూ తొక్కేస్తావు. వెనక సీటు నేను పట్టుకుంటాగా!" అన్నాను. అది ఉన్ని టోపీ చెవులదాకా లాక్కుని, సీటెక్కి, హ్యాండిల్ బిగించి, "పట్టుకున్నావా నాన్నా?" అంది. నేను సీటు మీద చెయ్యి వెయ్యబోతున్నాను, ఫోన్ మోగింది.

చిన్న కాల్!

చిన్న కాల్ అంటే తెలియనివారికి ఒక మాట. అది ఎవరో ఒకరు "అందరూ వచ్చినట్టేనా?" అనడంతో మొదలవుతుంది. రానివారి కోసం వచ్చినవారు ఎదురుచూస్తారు. రానివారు వచ్చాక, అప్పటిదాకా ఏం జరిగిందో వారికి మొదట్నుంచీ చెబుతారు. ఈలోపు వచ్చినవారిలో ఒకరి నెట్ పోతుంది. చివరికి దీని గురించి రేపు ఇంకో చిన్న కాల్ పెట్టుకోవాలని అందరూ ఏకగ్రీవంగా తీర్మానిస్తారు. ఇందులో పెద్దదేముంది చెప్పండి?

అయినా నేను భయపడలేదు. నాకు మ్యూట్ ఉంది. మైకు బొమ్మ మీద గీత పడిందంటే ఇక ఇల్లు నాది, పిల్లలు నావాళ్ళు. రజాయిల సంక్షోభం మీద చర్చ సాగుతుండగా నేను బఠాణీలు ఒలిచాను. పసుపు రంగు క్రేయాన్ ఎవరిదన్న వివాదంలో ఇరుపక్షాల వాదనా విని, క్రేయాన్‌ని రెండు ముక్కలు చేసి, ఇరుపక్షాల చేతా తిట్లు తిన్నాను. లాయరుకి రెండు జడలు వేశాను. ఒకటి మెడ మీద, ఒకటి చెవి పైన వచ్చాయి, అది వేరే సంగతి. ఇన్ని పనులు చేస్తూ అడపాదడపా మ్యూట్ తీసి "అవునండీ, మంచి పాయింటు" అన్నాను. ఏ పాయింటో నాకు తెలియదు. చెప్పినాయనకి తెలుసని కూడా నేననుకోను.

అసలీ బటన్‌ని కంప్యూటర్లకే పరిమితం చేయడం అన్యాయం. పుట్టగానే ప్రతి మనిషికీ బొడ్డు పక్కన ఒకటి బిగించాలి. పెళ్ళిచూపుల్లో, పేరెంట్స్ మీటింగుల్లో, లిఫ్టుల్లో ఎంత ప్రశాంతత! ప్రభుత్వాలు ఈ దిశగా ఎందుకు ఆలోచించవు?

ఒకసారి మాత్రం చిన్న పొరపాటు జరిగింది. మేనేజరుగారు ప్రసంగిస్తున్నారు. పిడుగు వచ్చి బల్ల మీద గడ్డం ఆనించింది. తల మీద అదే ఉన్ని టోపీ. సైకిలెక్కేదాకా తియ్యనని ఒట్టు పెట్టుకుందట.

"ఎప్పుడొస్తావు నాన్నా?"

"ఈయన ఆపగానే వచ్చేస్తా తల్లీ."

"ఎప్పుడాపుతాడు?"

"ఆయనకే తెలీదు. చెప్పిందే చెప్తున్నాడు."

"చెప్పిందే చెప్పకూడదని వాళ్ళమ్మ చెప్పలేదా?"

"వాళ్ళమ్మ కూడా మ్యూట్‌లో పెట్టేసుంటుంది."

అప్పుడు చూశాను. మైకు బొమ్మ మీద గీత లేదు! కాల్‌లో ఉన్నవాళ్ళందరి మొహాలూ ఉన్నచోటే బిగుసుకుపోయాయి.  మేనేజరుగారు గొంతు సవరించుకుని "క్లుప్తంగా ముగిస్తాను" అన్నారు. ఆ ముగింపు మధ్యాహ్నం భోజనాల దాకా సాగింది.

ఇలాంటివి మళ్ళీ జరక్కూడదని లాయరు రంగంలోకి దిగింది. మా ఇంట్లో ఉన్నది మా కంపెనీ మెషీనే. అది వారానికో సాక్సు మింగుతుంది. జత పోయిన ఒంటి సాక్సులు మాకొక సంచీడున్నాయి. అందులోంచి లాయరు ఒక ఎర్రది, ఒక నీలంది ఏరింది. నా గది తలుపు పిడికి ఎర్రది వేలాడుతుంటే నాన్న లైన్‌లో ఉన్నట్టు, ఎవరూ నోరెత్తకూడదు. నీలంది వేలాడుతుంటే మ్యూట్‌లో ఉన్నట్టు, వచ్చి ఏమైనా అడగొచ్చు.

"ఈ రూలు ఇంట్లో అందరికీనా?" అంది లాయరు.

"అందరికీ."

"నీక్కూడానా?"

"నాక్కూడా."

ముగ్గురం గంభీరంగా చేతులు కలిపాం.

ఇల్లు ఎంత క్రమశిక్షణలో పడిందో మీరు చూసి తీరాలి! ఎర్ర సాక్సు కనిపిస్తే పిల్లలు మునివేళ్ళ మీద నడిచేవారు. దెబ్బలాడుకోవాలన్నా బాత్రూంలోకెళ్ళి తలుపేసుకుని, గుసగుసగా దెబ్బలాడుకునేవారు. రోజంతా నోళ్ళు తెరవమని చెప్పే మా ఆవిడ కూడా ఇంటికి రాగానే సాక్సు చూసి నోరు మూసుకునేది. చిన్న కాల్స్ ఒకదాని తోక పట్టుకుని ఒకటి రావడంతో ఎర్ర సాక్సు వేలాడి వేలాడి సాగిపోయింది. నీలంది మాత్రం కొత్తదానిలా ఉంది.

మా నాన్నకి ఈ భాగ్యం లేదు. ఆయన సెలవంటే సెలవే. రోజంతా ఇంట్లోనే పడి ఉండేవాడు. మాతో గోళీలాడి, తొండి చేసి, దొరికిపోయి, మళ్ళీ మమ్మల్నే కేకలేసేవాడు. ఎంత గోల! ఎంత కాలహరణం! పాపం, ఆయనకి లింకు పంపేవాళ్ళు లేరు.

సైకిలు కింద పార్కింగులో స్తంభానికి ఆనుకునే ఉంది. పక్క చక్రాలు నేను ఊడదీశాను కాబట్టి పాత పద్ధతిలో తొక్కడానికీ లేదు. ఒక ఆదివారం మా ఆవిడ "రావే, నేను పట్టుకుంటా" అంది. "వద్దు. నాన్న పట్టుకుంటానన్నాడు" అంది పిడుగు. మా ఆవిడ నా వైపు చూసింది. నేను సాక్సు వైపు చూశాను. నా పరపతి ఎంత గొప్పదో గమనించారా? ఇంట్లో లేని తండ్రి మీద పిల్లలకి బెంగ ఉంటుంది. ఇంట్లోనే ఉండి దొరకని తండ్రి మీదైతే రోజురోజుకీ కొత్త ఆశ!

రేపు స్కూలు తెరుస్తారనగా, ఆఖరి రోజున, మేనేజరుగారు నాకొక గౌరవం కట్టబెట్టారు. కొత్తగా చేరిన ఉద్యోగులకి నేను ప్రసంగించాలి. విషయం: ఎదుటివారి మాట శ్రద్ధగా వినడమెలా. లీవులో ఉన్నవాడికి ఇంతకంటే ఏం కావాలి?

ముందు కొత్తవాళ్ళ పరిచయాలు నడుస్తున్నాయి. నేను మ్యూట్‌లో ఉన్నాను, తలుపుకి నీలం సాక్సు ఉంది. పిల్లలిద్దరూ లోపలికొచ్చారు. పిడుగు నా మోచెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. నేను ప్రసంగం నోట్సు చూసుకుంటూ "ఆఁ, ఆఁ, అలాగే" అన్నాను. ఇంకోసారి అడిగింది. "అలాగే అన్నాగా తల్లీ" అన్నాను. అది టోపీ సర్దుకుని వెళ్ళిపోయింది. నేను లేచి ఎర్ర సాక్సు తగిలించి వచ్చాను.

ప్రసంగం అద్భుతంగా వచ్చింది. "ఎదుటి మనిషి అడిగిందే మళ్ళీ అడుగుతున్నాడంటే మనం వినలేదన్నమాట" అన్న చోట చప్పట్లు కూడా కొట్టారు. మేనేజరుగారు కళ్ళు తుడుచుకున్నట్టనిపించింది, జలుబేమో తెలియదు.

తలుపు తీసి చూస్తే పిడికి ఎర్ర సాక్సు లేదు. ఇంట్లో చప్పుడు లేదు. బాత్రూంలో కూడా లేదు. ఆడపిల్లలున్న ఇంట్లో చప్పుడు లేకపోవడమా! చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాను.

పార్కింగులో స్తంభం పక్కన లాయరు నిలబడి రొప్పుతోంది. ఆ చలిలో కూడా నుదుటి మీద చెమట. దాని చేతుల్లో ఏమీ లేదు. స్తంభానికి సైకిలూ లేదు.

"చెల్లేదే?"

లాయరు గడ్డంతో చూపించింది. వరసగా ఆపి ఉన్న కార్ల అవతల ఉన్ని టోపీ ఒకటి కదిలిపోతోంది. కాస్త వంకరగానే, కానీ ఆగకుండా.

"సీటెవరు పట్టుకున్నారు?"

"నేను. ఇప్పుడెవరూ పట్టుకోలేదు."

"నాన్నే పట్టుకోవాలందిగా!"

"నిన్నడిగాంగా నాన్నా. 'అక్క పట్టుకుంటే ఫర్వాలేదా, నీకు కోపం రాదా' అని రెండుసార్లడిగింది. రెండుసార్లూ అలాగే అన్నావు. నీలం సాక్సు ఉన్నప్పుడే అడిగాం."

పాయింటే. ఈ కేసులో నా తరఫున వాదించేవాడు దొరకడు.

టోపీ మలుపు తిరిగి ఇటే వస్తోంది. నేను ఎదురు పరుగెత్తాను. "ఆగమ్మా, నాన్నొచ్చేశాడు! నేను పట్టుకుంటా!" అని అరిచాను. పిడుగు ఆగలేదు. కళ్ళు ముందుకే, పళ్ళు బిగించి, హ్యాండిల్ బిగించి వస్తోంది.

"మాట్లాడకు నాన్నా! సాక్సు చూడు!"

హ్యాండిల్‌కి ముడేసిన ఎర్ర సాక్సు గాలికి ఎగురుతోంది.

ఏం చేస్తాను? రూలు అందరికీ కదా. నోరు మూసుకుని పక్కకి తప్పుకున్నాను. అది నన్ను దాటి వెళ్ళిపోయింది. సీటు ఎత్తులో చాచిన నా చెయ్యి అలాగే ఉంది. "భలే తొక్కుతున్నావే తల్లీ" అన్నాను. పెదవులు కదిలాయి గానీ గొంతు పెగల్లేదు. చూశారా, బటన్ నొక్కకుండానే పనిచేసింది! ఇలాంటి వస్తువుని పొగడకుండా ఎలా ఉంటాం?

జేబులో ఫోన్ మోగుతోంది. చిన్న కాలే అయ్యుంటుంది.

పాఠకులకి ఒక మనవి. మ్యూట్ కనిపెట్టిన ఆ మహానుభావుడు మీకెక్కడైనా తారసపడితే నా దండం అందజేయండి. అలాగే, ఒకసారి పడ్డ గీతని ఇంట్లోవాళ్ళ దగ్గర తీసేదెలాగో కాస్త కనుక్కుని చెప్పండి. నేను కింద పార్కింగులోనే ఉంటాను, పిడుగు ఎప్పటికైనా బ్రేకు వేస్తుంది కదా అని.