మూడో పీరియడు డ్రాయింగు

ఆ రోజు పొద్దున్నే డ్రాయింగు టీచరమ్మ వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి వెలిగించకుండా అలమరలోని సామానంతా తీసి నేల మీద పరిచింది. గిన్నెలు తిప్పి చూసింది, గ్లాసులు పక్కకు నెట్టింది. చివరికి సొట్ట పడిన పాత కెటిల్ ఒకటి కిటికీలో పెట్టి, ఒక కన్ను మూసి చూసి, తృప్తిగా తల ఊపింది.

"దానికి మూతే లేదు కదమ్మా, అందులో పాలెలా కాస్తావు?" అంది అత్తగారు.

"కాయడానికి కాదత్తయ్యా, గీయడానికి."

"బాగానే ఉంది. మరి మేం తాగడానికి?"

ఆ మాట టీచరమ్మ చెవిన పడలేదు. అప్పటికే హాల్లోకి వెళ్ళి మొగుడి ముందు నిలబడింది. "ఏవండీ, మీ పాత బూటు ఒకటి ఇస్తారా?"

"ఒక్కటే ఎందుకు?"

"రెండు గీయించేంత టైము ఉండదండీ. పీరియడు నలభై నిమిషాలే."

ఆమె కంగారుకు కారణం ఉంది. ఆరో తరగతి డ్రాయింగు పీరియడు ఆమె చేతికి వచ్చి మూడు నెలలైంది. ప్రతివారం ఆ గంట కొట్టే సమయానికి లెక్కల మాస్టారు గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవాడు. "అమ్మా, భిన్నాలు మధ్యలో ఉన్నాయి, ఈ ఒక్కసారికి" అనేవాడు. భిన్నాలు అయిపోయాక దశాంశాలు మధ్యలో ఉండేవి. ఆమె కుంచెలు బకెట్లో వేసుకుని మెట్ల కింది గదికి తిరిగివచ్చేది. విరిగిన బెంచీలు, పాత మ్యాపులు పోగా మిగిలిన ఆ చోటే ఆమె డ్రాయింగు గది.

ఈ రోజు మాత్రం మాస్టారు అడ్డు రాలేడు. స్కూలు కమిటీలో కొత్తగా చేరిన సభ్యుడు ఆరో తరగతి పాఠాలు స్వయంగా చూడటానికి వస్తున్నాడు. ఆయనకు టైల్స్ షాపు ఉంది. మొదటి మీటింగులోనే, "బొమ్మలు పిల్లలు ఇంటి దగ్గర కూడా గీసుకుంటారు కదా, దానికో పీరియడెందుకు?" అని అడిగాడట. ఈ రోజు చూసి వెళ్ళాక డ్రాయింగు ఉండాలో ఊడాలో తేలుస్తాడని పెద్ద మేడమ్ ముందే చెప్పింది.

తొమ్మిదింటికి మొదలయ్యే మొదటి పీరియడు టీచరమ్మకు ఖాళీ. మెట్ల కింద స్టూలు మీద కెటిల్, గొడుగు, బూటు అమర్చింది. ఏదో వెలితిగా అనిపించింది. గుండ్రటి వస్తువు ఒకటి ఉంటే నిండుగా ఉంటుంది. స్టాఫ్‌ రూములో ఎవరూ లేరు. గోడ గడియారం కనిపించింది. కుర్చీ ఎక్కి దించుకొచ్చింది. గీస్తుంటే ముళ్ళు కదులుతాయని వెనక ఉన్న బ్యాటరీ తీసి చీర కొంగున ముడి వేసుకుంది. అప్పుడు టైము తొమ్మిదీ ఐదు. నమూనా బొమ్మ ఒకటి గీసుకుంటే క్లాసులో తడబడకుండా ఉండొచ్చని కూర్చుంది.

కెటిల్ సొట్టలు, గొడుగు ముడతలు, బూటు నాలుక, అన్నీ ఒద్దికగా కాగితం మీదకి వచ్చాయి. ఆమె లోకం మరిచిపోయింది. బొమ్మకి నీడలు వేస్తుండగా అటెండరు రొప్పుతూ వచ్చాడు. పొద్దున్నుంచీ ఆ టైల్స్ ఆయన కోసం కుర్చీలు మార్చడంలో ఉన్నాడు.

"అమ్మా, గోడ మీద గడియారం లేదు! గంట కొట్టే టైము దాటిపోయిందేమో, నా కొంప మునిగింది!"

టీచరమ్మ ఉలిక్కిపడి, కొంగు ముడి విప్పి, బ్యాటరీ వేసి గడియారం చేతికిచ్చింది. అటెండరు దాన్ని చూసి ఊపిరి పీల్చుకున్నాడు. "హమ్మయ్య, ఇంకా తొమ్మిదీ ఐదే. అనవసరంగా పరిగెత్తించాడు దేవుడు."

అతను అదే గడియారం చూసి గంట కొట్టి ఇరవై ఏళ్ళయింది. దాన్ని ఎప్పుడూ అనుమానించలేదు. టీచరమ్మ కూడా అనుమానించలేదు. చేతికి వాచీ లేదు. ఫోన్లన్నీ సాయంత్రం దాకా పెద్ద మేడమ్ బీరువాలో ఉండాలని రూలు. ఆమె తన బొమ్మ వంక చూసుకుని, 'ఐదు నిమిషాల్లో ఇంత బొమ్మా! చెయ్యి బాగా తిరిగింది' అని మురిసిపోయింది.

నిజానికి అప్పుడు టైము తొమ్మిదీ నలభై ఐదు. స్కూలు మొత్తం సరిగ్గా ఒక పీరియడు వెనక్కి వెళ్ళింది.

ఆ సంగతి తెలిసినవాడు లెక్కల మాస్టారొక్కడే. ఆయన చేతికి వాచీ ఉంది. ఏడో తరగతిలో పాఠం చెబుతూ చూసుకున్నాడు. నలభై నిమిషాలు దాటినా గంట లేదు. అరవై దాటినా లేదు. సిలబస్ దానంతట అదే కదులుతుంటే కాదనడం ఎందుకని నోరు మెదపలేదు.

పదీ ఇరవైకి టైల్స్ ఆయన వచ్చాడు. జేబులో టైంటేబుల్ కాగితం, చేతికి బంగారు రంగు వాచీ. "నాతో ఎవరూ రావద్దు మేడమ్. మీరొస్తే అందరూ నటిస్తారు" అని, కాగితం చూసుకుని, నేరుగా ఆరో తరగతికి వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆ కాగితంలో సబ్జెక్టులే తప్ప పేర్లు లేవు. ఆయన వాచీ ప్రకారం అది మూడో పీరియడు, డ్రాయింగు. స్కూలు గంట ప్రకారం రెండో పీరియడు, లెక్కలు.

లెక్కల మాస్టారు లోపలికి వచ్చి, వెనక కూర్చున్న మనిషిని చూసి సర్దుకున్నాడు. ఆ రోజు పాఠం వృత్తాలు. ఆయనకు లోకంలో గర్వకారణం ఒకటే ఉంది. ఏ పరికరం లేకుండా బోర్డు మీద ఒక్క ఊపులో సున్నా చుట్టినట్టు వృత్తం గీస్తాడు. ఆ పూట తొమ్మిది గీశాడు. పిల్లలు గుక్క తిప్పుకోకుండా తొమ్మిదీ నోటుబుక్కులో ఎక్కించారు. టైల్స్ ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశాడు, ఏదో రాసుకున్నాడు.

పదకొండింటికి గంట మోగింది. ఆయన కాగితంలో ఇక నాలుగో పీరియడు, లెక్కలు. బకెట్టు, కెటిల్, గొడుగు, బూటు మోసుకుంటూ టీచరమ్మ వచ్చింది.

"నన్ను లేనట్టే అనుకోండమ్మా" అన్నాడాయన.

అలా అనుకోవడం ఆమె వల్ల కాలేదు. పిల్లలు నలభై రెండు మంది, కుంచెలు పదకొండు. నీళ్ళ కొళాయి మైదానం అవతల. అయినా ధైర్యం తెచ్చుకుని చెయ్యి చాచి, పెన్సిలు నిలబెట్టి, ఒక కన్ను మూసింది.

"అందరూ ఇలా పట్టుకోండి. ముందు కెటిల్ ఎత్తు కొలవండి. గొడుగు ఎత్తులో కెటిళ్ళు ఎన్ని?"

"రెండున్నర!" అని అరిచారు పిల్లలు.

"బూటు?"

"ముప్పావు కెటిల్!"

"కాదు టీచర్, మడమతో కలిపితే కెటిల్ అంత" అంది ముందు బెంచీ ప్రశ్నల పిల్ల. ప్రతి క్లాసులోనూ అన్నిటికీ ప్రశ్న వేస్తుందని ఆ పిల్లకు ఆ పేరు. మడమ కలపాలా వద్దా అని క్లాసు రెండుగా చీలింది. బెంచీలెక్కి మరీ కొలిచారు. తర్వాత రంగులు వచ్చాయి. ఒక చెంచా నీలానికి రెండు చెంచాల పసుపు కలిపితే ఏ పచ్చ వస్తుంది, మూడు కలిపితే ఏ పచ్చ? క్లాసంతా సంతలా ఉంది. టైల్స్ ఆయన కూడా తన పెన్ను నిలబెట్టి, ఒక కన్ను మూసి, కెటిల్ కొలుస్తున్నాడు.

అప్పుడు చూసింది టీచరమ్మ కెటిల్ నీడ వంక. వారం రోజులుగా ఆమె ఆరో తరగతి గదిలో మూడో పీరియడు వెలుతురు గమనించి పెట్టుకుంది. నీడ పొడుగ్గా గొడుగు దాకా పాకాలి. ఇప్పుడది ముడుచుకుని కెటిల్ కాళ్ళ దగ్గరే ఉంది. సూర్యుడు తప్పు చెయ్యడు. తొమ్మిదీ ఐదు, కొంగు ముడి, ఐదు నిమిషాల్లో పూర్తయిన బొమ్మ, మూడూ ఒక్కసారి బుర్రలో కలిశాయి.

బయటికి వెళ్దామంటే ఆయన కూర్చుని ఉన్నాడు. కాలుగాలిన పిల్లిలా బోర్డుకీ కిటికీకీ మధ్య నాలుగుసార్లు తిరిగి, చివరికి చీటీ ఒకటి రాసింది. 'గడియారం నలభై నిమిషాలు ముందుకు జరపండి.' ప్రశ్నల పిల్లను పిలిచి, "అటెండరు గారికి ఇచ్చి రా. ఎందుకని మాత్రం అడక్కు" అంది.

ఆమెకు తెలియని సంగతులు రెండు ఉన్నాయి. నాలుగో పీరియడు మళ్ళీ లెక్కలే. అది భోజనం వేళలోకి జారిపోతే పిల్లలు వినరని భయపడి, లెక్కల మాస్టారు అప్పటికే స్టాఫ్‌ రూములో కుర్చీ ఎక్కి, తన వాచీ చూసి గడియారం సరిచేసి దిగాడు. పెద్ద మేడమ్ కూడా బీరువాలోని ఫోను చూసి, అటెండరును పట్టుకుని, "గడియారం నలభై నిమిషాలు వెనక ఉంది, ముందుకు జరుపు" అని గుసగుసగా ఆజ్ఞాపించింది. అదే సమయానికి చీటీ వచ్చింది.

అటెండరు ఎవరికీ ఎదురు ప్రశ్న వెయ్యడు. మేడమ్ చెప్పినందుకు నలభై జరిపాడు. టీచరమ్మ రాసినందుకు ఇంకో నలభై జరిపాడు. కుర్చీ దిగి చూస్తే పన్నెండూ నలభై ఐదు. భోజనం వేళ దాటి గంటా ఐదు నిమిషాలు! పరిగెత్తుకెళ్ళి, మూడో పీరియడు అయిపోయిందని ఒక గంట, నాలుగోది అయిపోయిందని ఒక గంట, ఊపిరి పీల్చుకుని భోజనం గంట గణగణా కొట్టాడు.

స్కూలు ఒక పీరియడు వెనకబడినా, ఆకళ్ళు మాత్రం సమయానికే వేశాయి. ఐదారు వందల మంది ఒక్కసారిగా వరండాలోకి దూకారు. ఆరో తరగతి మొత్తం గుమ్మం మీద పడింది. గొడుగు దానంతట అది తెరుచుకుంది. కెటిల్ దొర్లింది. బకెట్టు తిరగబడి, ఆ పీరియడులో తయారైన పచ్చలన్నీ కలిసి టైల్స్ ఆయన తెల్ల ప్యాంటు మీద మోకాళ్ళ దాకా ఎక్కాయి.

ఆయన ప్యాంటు వంక చూసుకుని, అడుగు తీసి అడుగు వేస్తూ పెద్ద మేడమ్ గదికి నడిచాడు. వెనక పచ్చటి అడుగులు పడ్డాయి.

ఐదు నిమిషాల్లో ఆమెకీ, లెక్కల మాస్టారుకీ పిలుపు వచ్చింది. దారిలోనే ఆమె నిర్ణయించుకుంది, గడియారం సంగతి తానే ఒప్పేసుకుంటే కనీసం అటెండరు ఉద్యోగమైనా నిలుస్తుంది.

"అయ్యా, తప్పంతా నాదే" అని మొదలుపెట్టింది.

"తప్పేమిటమ్మా?" అన్నాడు టైల్స్ ఆయన. "చిన్నప్పుడు నాకు లెక్కలంటే జ్వరం వచ్చేది. మీలాంటి లెక్కల టీచరు దొరికి ఉంటేనా! కెటిల్‌తో భిన్నాలు, రంగులతో నిష్పత్తులు! నా షాపులో కుర్రాళ్ళకి గోడ కొలవడం ఇప్పటికీ రాదు, మీ పిల్లలు బూటు మడమ దగ్గర కొట్టుకుంటున్నారు!"

"నేను డ్రాయింగు టీచర్నండీ" అంది ఆమె నీరసంగా.

ఆయన పెద్దగా నవ్వాడు. "చూశారా మేడమ్, వినయం! ఇంకొకరైతే లెక్కలు నేర్పాను అని చాటుకుంటారు." తర్వాత లెక్కల మాస్టారు చెయ్యి పట్టుకుని ఊపాడు. "మీ డ్రాయింగు అమోఘం మాస్టారూ. కాస్త రంగు తక్కువ గానీ, ఆ సున్నా చుట్టడం! డ్రాయింగు తీసేద్దామన్నది నేనే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. వారానికి ఇంకో రెండు పీరియడ్లు ఇద్దాం."

లెక్కల మాస్టారు నోరు తెరిచాడు. పెద్ద మేడమ్ బల్ల కింద ఆయన కాలు గట్టిగా తొక్కింది.

వారం తిరక్కముందే కమిటీ సంతకంతో కొత్త టైంటేబుల్ నోటీసు బోర్డు ఎక్కింది. ఆరో తరగతి లెక్కలన్నీ టీచరమ్మకు, డ్రాయింగంతా మాస్టారుకు. ఆ ఏడాదంతా లెక్కల పీరియడులో టీచరమ్మ హాయిగా బొమ్మలు వేయించింది. డ్రాయింగు పీరియడులో మాస్టారు, అంతకు ముందులాగే, లెక్కలు చెప్పుకున్నాడు. పిల్లలకు రెండూ వచ్చాయి.

ఆ స్కూల్లో తప్పంటూ ఉన్నది టైంటేబుల్ ఒక్కటే.