అరవై దాటని బ్యాటరీ

పదకొండేళ్లుగా ఆదోనిలో కాంట్రాక్టు లెక్చరరుగా పాఠాలు చెబుతున్న జయతీర్థకు ఆ రోజు పదకొండు గంటలకు ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ. పర్మనెంటు ఉద్యోగం. ఎనిమిదింటికే పైన ఇస్త్రీ చొక్కా, కింద ఇంటి పంచెతో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. బ్యాటరీ అరవై శాతం. తొమ్మిదికీ అరవై. తొమ్మిదిన్నరకూ అరవై. ఛార్జర్ పెట్టే ఉంది. స్క్రీన్ మాత్రం 'ఛార్జ్ కావడం లేదు' అంటోంది.

అందులో విండోస్ తీసేసి లినక్స్ వేసిచ్చింది భార్య దీపశ్రీ. ఎమ్మిగనూరులో కంప్యూటర్ టీచరు. నాలుగుసార్లు ఫోన్ చేశాడు; క్లాసులో ఉందేమో, ఎత్తలేదు. ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పిన కమాండ్లు ఒక్కొక్కటే కొట్టి చూశాడు. బ్యాటరీ ఆరోగ్యంగానే ఉంది. ఛార్జర్ తగిలే ఉంది. రెండూ మంచివే అయితే చెడ్డది కరెంటే అయ్యుండాలని తేల్చాడు.

ఫ్రిజ్ ఆపాడు. అరవై. ల్యాప్‌టాప్ మోసుకెళ్లి ఎదురింటి గోవిందన్న ప్లగ్గులో పెట్టాడు. అక్కడా అరవై.

"మీ ఇంట్లో కూడా కరెంటు పల్చగానే ఉంది గోవిందన్నా."

మొన్ననే ఇల్లంతా కొత్త వైరింగ్ చేయించిన గోవిందన్నకు పౌరుషం వచ్చింది. "మా ఇంట్లో ఏం తక్కువ లేదప్పా. వీధికే తక్కువ వస్తాంది. ఉండు, లైన్‌మన్‌ను పిలుస్తా."

లైన్‌మన్ యేసేపు వచ్చి, ల్యాప్‌టాప్‌ను తిప్పి తిప్పి చూసి, "ట్రాన్స్‌ఫార్మర్ సూడాల్సిందే" అని వీధి మొత్తానికి కరెంటు తీసేశాడు.

పిండిగిర్ని మద్దమ్మ తల నుంచి కాలిదాకా పిండితో వచ్చింది. "ఎవురప్పా కరెంటు తీపిచ్చినోడు? జొన్నలు సగం గిర్నిలోనే ఉండాయి."

"సారుకు ఇంటర్వ్యూ అంట. కంప్యూటర్‌లో," అన్నాడు గోవిందన్న.

"కరెంటు లేకుండానా?"

అప్పుడు తట్టింది జయతీర్థకు, కరెంటు పోతే వైఫై కూడా పోతుందని. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఇంటికి పరుగెత్తాడు. ఇక మిగిలింది ఫోన్‌లోని ఇంటర్నెట్టే. పొద్దుటి నుంచి కాల్స్ చేసీ, కమాండ్లు వెతికీ అందులో ఛార్జింగ్ నాలుగు శాతానికి దిగింది. ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కే తగిలించాడు. అది దీనికి కరెంటు, ఇది దానికి ఇంటర్నెట్. జాలిపడిన మద్దమ్మ ఎవరూ లోపలికి రాకుండా గుమ్మంలో కాపలా నిలబడింది.

"వెనకాల తెల్లగా నిలబడింది ఎవరండీ?" అని పదకొండింటికి స్క్రీన్ మీదికి వస్తూనే అడిగాడు ఇంటర్వ్యూ పెద్దాయన.

"మా పిండిగిర్ని మద్దమ్మ సార్. వీధిలో కరెంటు లేదు, నాకోసం నిలబడింది."

ఇంటర్వ్యూ చేసేవాళ్లంతా నవ్వారు. బిగుసుకుపోయిన జయతీర్థ కూడా నవ్వాడు. ఆ తర్వాత జవాబులు వాటంతటవే వచ్చాయి.

ఇంటర్వ్యూ ముగిసేసరికి బ్యాటరీ ఇరవై ఎనిమిది. అప్పుడే కరెంటు వచ్చింది. ఇరవై తొమ్మిది. ముప్పై. గోవిందన్న కిటికీలోంచి చూసి వీధికి వినిపించేలా, "ఎక్కుతాంది!" అన్నాడు. అందరూ యేసేపు చుట్టూ మూగారు. మద్దమ్మే స్వయంగా టీ తెప్పించింది.

దీపశ్రీ ఫోన్ చేసింది. "బ్యాటరీ ఎక్కువ కాలం రావాలంటిరి కదా, అరవై దాటకుండా మొన్న నేనే సెట్టింగ్ పెట్టినా. చెప్పడం మరిచినా. ఏమన్నా ఇబ్బంది అయ్యిందా?"

జయతీర్థ బయటికి చూశాడు. యేసేపు టీ తాగుతూ ట్రాన్స్‌ఫార్మర్ జబ్బు గురించి వివరిస్తున్నాడు.

"ఏం కాలేదులే," అన్నాడు.

జయతీర్థకు ఉద్యోగం వచ్చినట్టు ఉత్తరం వారానికి అందింది. యేసేపు దగ్గరికి మాత్రం ఇంటర్వ్యూ రోజు సాయంత్రమే పక్క వీధుల నుంచి మూడు ల్యాప్‌టాప్‌లు రిపేరుకు వచ్చాయి.