అభ్యంతరం లేని ఊహ

సైన్సు ఫిక్షన్, ఫాంటసీ కథల అభిమానుల ప్రథమ మహాసభ 2007లో ఉంగుటూరులోని ఒక కల్యాణ మండపంలో అత్యంత జయప్రదంగా జరిగిందని విజ్ఞులైన పాఠకులకు తెలియజేయడమైనది. సభలో ఎవరి మనోభావాలూ దెబ్బతినలేదు. ఎవరి బుర్రకూ శ్రమ కలగలేదు. భోజనాలు బాగున్నాయి.

ఈ సభ ఆలోచన మొదట హెప్సిబాకు వచ్చింది. ఆమె ఏలూరులో ఒక మిషన్ స్కూల్లో సైన్సు టీచరు. ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళి, మొహిద్దీన్ నడిపే ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, తనలాంటి మరికొందరితో గ్రహాంతరవాసుల గురించీ కాలయంత్రాల గురించీ మాట్లాడుకోవడం ఆమెకు అలవాటు. ఇంత చదువుకున్న మనిషికి ఇదేం జబ్బు అని స్టాఫ్ రూములో తోటి టీచర్లు జాలిపడేవారు. పై దేశాల్లో ఈ జబ్బున్నవాళ్ళంతా ఏడాదికోసారి ఒకచోట చేరతారనీ, జీతం భత్యం లేకుండా తామే కుర్చీలు వేసుకుని తామే టీ కాచుకుని సభ జరుపుకుంటారనీ మొహిద్దీన్ కంప్యూటర్లో చూపించాడు. మనమూ జరుపుదామంది హెప్సిబా.

ఇందులో ఆమెకు స్వార్థం ఉంది, దాచడమెందుకు. ఆమె ఒక కథ రాసింది. ఎక్కడో వేరే గ్రహం మీద ఒక పెద్ద సరస్సు. జనం దాన్ని గట్లు వేసుకుని ముక్కలుగా పంచేసుకుంటారు. నీళ్ళకు దారి లేక అవి ఇళ్ళలోకి వస్తాయి. ఒక ముసలాయన తన గట్టే అడ్డంగా ఉందని గ్రహించి, ఎవరూ అడక్కుండానే పార తీసుకెళ్ళి దాన్ని తెగ్గొట్టేస్తాడు. అంతే కథ. ఇందులో గ్రహం ఒక్కటే కల్పన. మిగతాదంతా ఆమె తండ్రి క్రీస్తుదాసు కొల్లేటిలోని తమ ఊళ్ళో చేసిన పని. కొల్లేటిని ఆక్రమించిన చేపల చెరువుల గట్లు కొట్టేయడానికి సర్కారు వారి పొక్లెయిన్లు వస్తున్నాయని ఊరంతా స్టే ఆర్డర్ల కోసం పరిగెడుతున్న రోజులవి. వానాకాలంలో పేటలోకీ చర్చిలోకీ నీళ్ళు ఎందుకొచ్చాయో ఆయన ఒక్కడూ కూర్చుని ఆలోచించాడు. ఆ తర్వాత తన చెరువు గట్టు తానే కొట్టేసి, చేపల్ని కొల్లేట్లోకి వదిలేశాడు.

అప్పట్నుంచి ఊళ్ళో ఆయన పేరు పిచ్చి క్రీస్తుదాసు. పెట్టింది పిల్లలు కాదు, చెరువులున్న పెద్దమనుషులే. ఆయన మంచి పని చేశాడని హెప్సిబా ఎంతమందికి చెప్పినా నవ్వి ఊరుకున్నారు. వేరే గ్రహం మీద జరిగిందంటేనైనా వింటారేమో, సభలో కూర్చుని నాన్న తన పనికి ఒక్కసారి చప్పట్లు వింటాడేమో అని ఆమె ఆశ. మహాసభ అంతా ఆ ఒక్క ఆశ కోసమే.

స్వచ్ఛంద కార్యకర్తలు కావలెనని మొహిద్దీన్ కరపత్రాలు పంచాడు. స్పందన అద్భుతం. జీతం ఎలాగూ లేదు కాబట్టి హోదా అయినా ఉండాలన్నది వచ్చినవారందరి న్యాయమైన కోరిక. అందుచేత గౌరవాధ్యక్షులు, సహ గౌరవాధ్యక్షులు, ముఖ్య సలహాదారులు, ఆ సలహాలను సమన్వయపరిచే సమన్వయకర్తలు ఏర్పడ్డారు. కుర్చీలు మోసే శాఖకు మాత్రం ఎవరూ ముందుకు రానందున, అది హెప్సిబా, మొహిద్దీన్‌ల వద్దనే ఉంచబడింది.

అధ్యక్ష పదవి హనుమంతరావు గారికి ఏకగ్రీవంగా దక్కింది. ఆయన డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యారు. సైన్సు ఫిక్షన్ ఒక్క పేజీ అయినా చదివి ఎరగరు కాబట్టి ఆయన నిష్పాక్షికతను శంకించడానికి వీల్లేకపోయింది. సభ ఏలూరులోనే జరగాలని ఏలూరు సలహాదారులూ, తాడేపల్లిగూడెంలోనే జరగాలని గూడెం సలహాదారులూ భీష్మించుకున్నప్పుడు, ఆయన రెండింటికీ మధ్యనున్న ఉంగుటూరును ఖాయం చేశారు. అక్కడ ఇలాంటి కథలు చదివేవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ విధంగా ఇరుపక్షాలకూ సమాన న్యాయం జరిగింది.

మండపం ఖర్చూ భోజనాల ఖర్చూ శ్రీనివాసరావు గారు పెట్టుకున్నారు. చేపల చెరువుల వ్యాపారంలో ఆయనది పెద్ద చెయ్యి. పొక్లెయిన్లు కొట్టేసిన ఆయన గట్లు ఏడాది తిరక్కుండానే మళ్ళీ లేచి నిలబడ్డాయి. ప్రకృతి తన గాయాలను తానే మాన్పుకుంటుందని ఆయన సభల్లో ఎంతో వినయంగా చెబుతుంటారు.

చిక్కు కార్యక్రమం దగ్గర వచ్చింది. ఏయే కథలు చదవాలో, వాటిలోని ఏయే పాత్రల వేషాలు వేయాలో, దేని మీద చర్చ పెట్టాలో హెప్సిబా రాసి తెచ్చింది. హనుమంతరావు గారు కళ్ళద్దాలు సర్దుకుని చదివారు.

"చూడమ్మా, ఫలానాది ఉత్త ఊహ అని మనం స్టేజీ మీద అనేస్తాం. అది మా నమ్మకమండీ అని ఎవరో లేస్తారు. అప్పుడు మన గతేంటమ్మా? ముందు నోటీసు అంటిద్దాం. అభ్యంతరాలు పిలుద్దాం. ఎవరికీ అభ్యంతరం లేనిదే ఊహ. నా సర్వీసంతా పోరంబోకులు ఇలాగే తేల్చేనమ్మా" అన్నారు.

ఏలూరు, గూడెం బస్టాండ్లలోనూ, నల్లజర్ల సంతలోనూ నోటీసులు అంటించబడ్డాయి. జనం ఓటు వేయడానికి కూడా అంత క్రమశిక్షణతో ఎప్పుడూ రాలేదు.

దెయ్యాలను ఊహల్లో చేర్చడం తన వృత్తికి భంగకరమని నల్లజర్ల నుంచి ఒక మంత్రవైద్యుడు వచ్చారు. దెయ్యాల కథలు తీసేశారు. మనిషి ఆకాశంలో ఎగరడం ఊహ కాదు, చరిత్ర అని పౌరాణిక నాటక సమాజం వారు కిరీటాలతో సహా వచ్చి చెప్పారు. ఎగరడం తీసేశారు. పాస్టరు గారు సైతానును, మసీదు పెద్దలు జిన్నులను ఎంతో మర్యాదగా ఊహల్లోంచి విడిపించుకుని తీసుకువెళ్ళారు. అన్ని మతాలవారూ ఒకే బల్ల దగ్గర టీ తాగుతూ ఒకరి అభ్యంతరాన్ని మరొకరు బలపరుచుకోవడం చూసి హనుమంతరావు గారి కళ్ళు చెమర్చాయి. జాతకంలో కుజుణ్ణి సంప్రదించకుండా కుజగ్రహానికి ప్రయాణం కట్టడం మీద జ్యోతిష్కులు చెప్పిన అభ్యంతరం కూడా సబబుగానే తోచింది. మండపం ముందు అట్టలతో కట్టిన అంతరిక్ష నౌకకు గుమ్మం దక్షిణాన ఉందని వాస్తు సలహాదారు కనిపెట్టారు. నౌకను తూర్పుకి తిప్పి, ఇంజను ఆగ్నేయానికి మార్చారు.

సైన్సు సంగతి కూడా అలాగే అయ్యింది. ముసలితనం రాని మందు మీద కథ ఉందని తెలిసి అయస్కాంతం పరుపులు అమ్మేవారు వచ్చారు. ఆ పరుపు మీద పడుకుంటే వయసు వెనక్కి పోతుందనీ, మరో ఇద్దరిని సభ్యులుగా చేర్పిస్తే ఇంకా వెనక్కి పోతుందనీ వివరించారు. కాలంలో వెనక్కి ప్రయాణించడం గురించి ఒక దస్తావేజుల రైటరు నొచ్చుకున్నారు. "అది ఊహేంటండీ, మేం రోజూ వెళ్ళొస్తున్నాం. ఏ తేదీకి కావాలంటే ఆ తేదీకి కాయితం పుట్టిస్తాం కదండీ" అన్నారు. కంటికి కనబడకుండా తిరిగే మనిషి కథ మిగిలింది. రోడ్డు పనిలో కూలీల హాజరు వేసే పెద్దమనిషి ఒకరు, అలాంటివాళ్ళు తన దగ్గర ముప్ఫైమందికి పైగా ఉన్నారని సవినయంగా మనవి చేశారు.

చివరికి హెప్సిబా కథ ఒక్కటే మిగిలింది. దాని మీద ఒక్క అభ్యంతరం కూడా రాలేదు. ఏ మతం వారూ, ఏ వృత్తి వారూ, ఏ ఆఫీసు వారూ అలాంటి పని తాము చేస్తామని గానీ, చేసినవాణ్ణి చూశామని గానీ చెప్పలేదు. కమిటీ ముందు దాని సారాంశం చదివితే శ్రీనివాసరావు గారు కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఇది స్వచ్ఛమైన, నిర్వివాదమైన ఊహ అని ఏకగ్రీవంగా తీర్మానం జరిగింది.

హెప్సిబా లేచి నిలబడింది. "ఏవండీ, గ్రహం సంగతి వదిలేయండి. ఇది మా నాన్న చేసిందేనండీ. నిజంగా జరిగిందండీ" అంది.

హనుమంతరావు గారు ఏమాత్రం విసుక్కోలేదు. "జరిగిందంటే అది అభ్యంతరం అవుతుందమ్మా. అభ్యంతరం వస్తే కథ తీసేయాలి. తీసేస్తే సభలో చదవడానికి ఇంకేం లేదు. ఆలోచించుకుని చెప్పమ్మా, అభ్యంతరం పెడతావా?" అని అడిగారు.

"ఊరుకోండి టీచర్ గారూ" అన్నాడు మొహిద్దీన్ మెల్లగా. "ముందు చదవనిద్దాం. చప్పట్లు పడ్డాక, ఆ మనిషి ఈయనేనండీ అని మైకులో చెప్పేద్దాం."

హెప్సిబా కూర్చుంది. నాన్న చేసిన పని జరగలేదని ఒప్పుకుంటే తప్ప ఆ పనికి చప్పట్లు రావని ఆమెకు అర్థమైంది. అర్థమయ్యే ఒప్పుకుంది. ఇంటికెళ్ళేదాకా సిగ్గుతో తలెత్తలేకపోయింది.

మహాసభ రోజు వచ్చింది. పదవులున్న వారందరూ వేదికను అలంకరించేసరికి కింద కుర్చీలు బోసిపోయాయి. శ్రీనివాసరావు గారు ముందుచూపుతో తమ చేపల వ్యాన్లు పంపి కొల్లేటి ఊళ్ళ నుంచి ప్రేక్షకులను తెప్పించారు. క్రీస్తుదాసు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, పక్క చెరువు మాణిక్యంతో కలిసి అలాంటి వ్యాన్లోనే వచ్చాడు. ముందు వరస సన్మానితుల బంధువులకు కేటాయించినందున ఆయన్ను వెనక్కి, అక్కణ్ణుంచి ఇంకాస్త వెనక్కి పంపించారు. ఆయన మాత్రం ఎక్కడ కూర్చోబెడితే అక్కడ సంతోషంగా కూర్చున్నాడు.

"ఈనాడు మనం భవిష్యత్తు గుమ్మంలో నిలబడి ఉన్నాం" అని హనుమంతరావు గారు ఉపన్యాసం మొదలుపెట్టారు. ఆ గుమ్మంలో ఆయన చాలాసేపు నిలబడ్డారు. తర్వాత గౌరవాధ్యక్షులు సహ గౌరవాధ్యక్షులకు శాలువాలు కప్పారు. కప్పించుకున్నవారు కప్పినవారికి తిరిగి కప్పారు. వంటశాల నుంచి చేపల పులుసు వాసన మొదలయ్యాక, మిగిలిన కార్యక్రమం కథా పఠనం ఒక్కటేననీ, అది క్లుప్తంగా ముగించాలనీ ప్రకటించారు.

క్లుప్తం కోసం హెప్సిబా గ్రహాన్ని వదిలేసింది. ఆకాశంలోని రెండు సూర్యుళ్ళనూ, ఎర్రటి నీళ్ళనూ, నాలుగు చేతుల జనాన్నీ వదిలేసింది. ముసలాయన పార భుజాన వేసుకుని ఇంట్లోంచి బయల్దేరిన దగ్గర్నుంచి చదివింది. అంటే ఆ రోజు సభలో చదివినదాంట్లో కల్పన అన్నదే లేదు. గట్టు తెగి నీళ్ళు తమ దారిన పోతుంటే ఆయన పార కడుక్కుని ఇంటికి వెళ్ళడంతో ఆపేసింది.

హాలంతా వేదిక వైపు చూసింది. అప్పుడు శ్రీనివాసరావు గారు నవ్వారు. ఆయన నవ్వాక నవ్వవచ్చునని అందరికీ తెలిసింది. ఆ తర్వాత చప్పట్లు మోగాయి. ఉంగుటూరులో అన్ని చప్పట్లు పెళ్ళిళ్ళకు కూడా పడి ఉండవు.

"మనిషి చంద్రుడి మీదికి వెళ్ళేడు, రేపు ఇంకా పైకి వెళ్తాడు, అది వింత కాదండీ" అన్నారు శ్రీనివాసరావు గారు, ఉత్తమ కల్పనా బహుమతి అందిస్తూ. "తన గట్టు తనే కొట్టుకునే మనిషిని పుట్టించడం ఉంది చూశారూ, అదండీ అసలైన ఊహ. అలాంటివాడే గనక ఈ భూమ్మీద ఉంటే, అందరికంటే ముందు నేనెళ్ళి ఆయన కాళ్ళకి దండం పెట్టేవాణ్ణండీ."

కొల్లేటి వాళ్ళు కూడా గట్టిగానే చప్పట్లు కొట్టారు. ఆ పొద్దున ఒకే వ్యాన్లో క్రీస్తుదాసు పక్కనే కూర్చుని వచ్చినవాళ్ళూ కొట్టారు.

ఇప్పుడు చెప్పాలనుకుని హెప్సిబా చెయ్యి చాచింది. మైకు అప్పటికే భోజనాల ప్రకటనకు వెళ్ళిపోయింది. ఆమె గబగబా దిగి మాణిక్యం దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, ఆ రోజు పక్క గట్టు మీద నువ్వే ఉన్నావు. నువ్వైనా చెప్పు బాబాయ్."

"ఉన్నానమ్మా. ఈ కళ్ళతోనే చూశాను" అన్నాడు మాణిక్యం, చాలా ప్రేమగా. "కానీ ఇంతమంది పెద్దలు కూర్చుని కథని తేల్చేశారు కదమ్మా. ఇప్పుడు నేను చూశానంటే ఏం బాగుంటుంది?"

అతని ముఖం తేటపడి ఉంది. అతని గట్టు ఇంకా అలాగే ఉంది మరి. క్రీస్తుదాసును చూసినప్పుడల్లా గుండెలో గుచ్చుకునేదేదో ఆ పూటతో తీరిపోయింది. అది కథేనని తేలాక ఇంకెవరైనా ఎందుకు బాధపడాలి?

క్రీస్తుదాసు లేచి కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. "చప్పట్లు బాగున్నాయమ్మా. ఎవరికో తెలీలేదు గానీ" అని, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. హెప్సిబా బహుమతి పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చింది. ఆనందబాష్పాలు అని సలహాదారులు ఒకరికొకరు చెప్పుకున్నారు.

పాఠకులు కూడా విజ్ఞులే. ఇంతవరకు ఇన్ని చెప్పినా, ఇలా ఎక్కడైనా జరుగుతుందా అని మీరు ఒక్కసారీ మమ్మల్ని అడగలేదు. ఎరిగిన సంగతులే కాబట్టి తలూపుతూ చదువుకుపోయారు. క్రీస్తుదాసు పార తీసిన దగ్గర మాత్రం, ఎంతైనా కథ కదా అనుకుని ముందుకు వెళ్ళారు. ఉంగుటూరు సభకు మీరు రాలేదన్న మాటే గానీ, వేదిక మీద మీకూ ఒక కుర్చీ వేసే ఉంచారు.